ఇంటికి కొత్త కళ: ముందు గోడ, వెలుగు, తెర; వస్తువులు ఆఖరున

ఇల్లు పాతబడినట్టు అనిపించగానే చాలామంది ముందుగా దుకాణానికి వెళతారు. కొత్త సోఫా, గోడకు పెద్ద గడియారం, మూలకు ఒక పూలకుండీ తెస్తారు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది. ఆ తర్వాత గది మళ్లీ పాత గదిలాగే కనిపిస్తుంది. గదిలోకి అడుగుపెట్టగానే కంటికి ఎక్కువగా ఆనేవి గోడలు, కిటికీ తెరలు, పడే వెలుగు. ఈ మూడూ మారకపోతే ఎంత ఖరీదైన వస్తువు తెచ్చినా వాటి మధ్య వెలవెలబోతుంది. ఈ మూడింటినీ చక్కదిద్దితే ఉన్న సామానే కొత్తగా కనిపిస్తుంది. అందుకే ఇక్కడ చెప్పే వరుస ముఖ్యం. ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది పాటిస్తే ఖర్చు తగ్గుతుంది.

ఇదంతా విజయవాడ, గుంటూరు ఇళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఇక్కడి ఎండ, కృష్ణా డెల్టా చెమ్మ, రోడ్డు దుమ్ము, పక్క అపార్ట్‌మెంటు గోడే కనిపించే కిటికీలు, వీటిని లెక్కలోకి తీసుకోని సలహాలు మనకు పనికిరావు. చలిదేశాల పత్రికల్లో కనిపించే మందపాటి తివాచీలు మన ఇళ్లలో దుమ్మును పెంచుతాయి, ముదురు రంగు గోడలు గదిని ఇరుకుగా చూపిస్తాయి. మరోవైపు, ఎక్కడెక్కడి వాళ్లో వెతుక్కుంటూ వచ్చి కొనుక్కునే మంగళగిరి నేత, పెడన కలంకారీ, కొండపల్లి బొమ్మ మనకు రెండు మూడు గంటల ప్రయాణంలోనే దొరుకుతాయి. అంత దగ్గర ఉన్న పనితనాన్ని వదిలేసి, యంత్రం మీద అచ్చుపోసిన ప్లాస్టిక్ పూలకు డబ్బు పెట్టడం నాకు బాధ కలిగిస్తుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

రంగుల పని ఉంటే సంక్రాంతి నుంచి ఉగాది వరకు మంచి కాలం. సంక్రాంతికి ఇంటికి సున్నాలు వేయించే పాత అలవాటులో మంచి లెక్క ఉంది. అప్పటికి ఈశాన్య రుతుపవనాల వానలు ముగిసి గోడలు ఆరి ఉంటాయి, ఎండ ఇంకా ముదరదు. వానాకాలంలో తేమ పట్టిన గోడ మీద వేసిన రంగు నిలవదు. మే నెల ఎండలో పూత మరీ తొందరగా ఆరిపోయి బ్రష్ గీతలు కనిపిస్తాయి. పనివారికీ అది కష్టకాలమే. తెరలకు, గలీబులకు గుడ్డ కొనాలనుకుంటే ఆషాఢం తగ్గింపుల కోసం ఆగవచ్చు.

మొదటి మెట్టు: తీసేయడం

ఒకేసారి ఇల్లంతా పెట్టుకోకండి. ముందు గదితోనే, అంటే హాలుతోనే, మొదలుపెట్టండి, ఎందుకంటే అందరూ ఎక్కువసేపు గడిపేది అక్కడే. గది నాలుగు మూలల నుంచి ఫోనుతో ఫోటోలు తీయండి. రోజూ చూసే కన్ను వదిలేసినవాటిని ఫోటో పట్టిస్తుంది. టీవీ వెనక వేలాడే వైర్లు, బీరువా నెత్తిన అట్టపెట్టెలు, ఏ ఏడాదిదో తెలియని క్యాలెండరు, దేనికి కొట్టారో గుర్తులేని మేకులు అందులో స్పష్టంగా కనిపిస్తాయి.

తర్వాత చేతితో ఎత్తగలిగిన ప్రతి వస్తువునూ పక్క గదిలోకి మార్చండి. ఒక రోజంతా ఆ గదిని అలా వదిలేయండి. కుర్చీలు, సోఫా, టీవీ తప్ప ఏమీ లేని గదిలో కూర్చుంటే ఏది నిజంగా కావాలో దానంతట అదే తెలుస్తుంది. వెంటనే తిరిగి తెచ్చుకోవాలనిపించినవి ఉంచుకోండి. గుర్తుకే రానివి ఎవరికైనా ఇచ్చేయండి.

షోకేసు సంగతి కాస్త కష్టం. పెళ్లికి, గృహప్రవేశానికి వచ్చిన బహుమతులు, పిల్లల కప్పులు, చుట్టాలు యాత్రల నుంచి తెచ్చిన గుర్తులు అన్నీ అందులోనే ఉంటాయి. వాటి వెనక మనుషులు ఉన్నారు కాబట్టి పారేయమని చెప్పను. సగం బయట పెట్టి, సగం గుడ్డలో చుట్టి అటక మీద దాచండి. ఆరు నెలలకోసారి మార్చండి. అరలో మూడు వస్తువులు ఉంటే మూడింటినీ చూస్తారు, ముప్పై ఉంటే దేనినీ చూడరు.

ఇక్కడ ఒక్క హెచ్చరిక. ఇత్తడి బిందెలు, రాగి చెంబులు, కంచు గిన్నెలు, పాత టేకు కుర్చీలు, అమ్మమ్మగారి ఇంటి నుంచి వచ్చిన చెక్కపెట్టె, వీటిని పాతసామాన్ల బండికి తూకానికి వేయకండి. ఆఖరి మెట్లలో గదికి అందం తెచ్చేవి ఇవే.

రెండో మెట్టు: దులపడం, కడగడం

పై నుంచి కిందికి రావాలి. బూజు, ఫ్యాను, ట్యూబులైటు, కిటికీ చువ్వలు, దోమల జాలీ, స్విచ్ బోర్డులు, ఆఖరున నేల. ఫ్యాను రెక్కకు పాత దిండు గలీబు తొడిగి ముందుకు లాగితే దుమ్మంతా గలీబులోనే ఉండిపోతుంది, కింద మంచం మీద పడదు. దోమల జాలీని మాత్రం తీసి సబ్బునీళ్లతో కడగాల్సిందే. దుమ్ము పేరుకున్న జాలీ వెలుగును, గాలిని రెండింటినీ ఆపేస్తుంది. అది శుభ్రమైన రోజున గది ఎంత మారుతుందో చూస్తే రంగు వేయించే ఆలోచన కొందరు వాయిదా వేసుకుంటారు కూడా. స్విచ్ బోర్డులు తుడిచేముందు మెయిన్ ఆపి, గట్టిగా పిండిన గుడ్డ వాడండి. వంటింటి గట్టు వెనక జిడ్డుకు గోరువెచ్చని నీళ్లలో వంటసోడా, కొంచెం గిన్నెలు తోమే సబ్బు చాలు.

పాత ఇళ్లలో మొజాయిక్ నేల, నాపరాళ్లు, చలవరాయి ఉంటే యాసిడ్ దగ్గరికి కూడా రానివ్వకండి. ఈ రాళ్లలో సున్నం ఉంటుంది, యాసిడ్ దాన్ని తినేస్తుంది. నునుపు పోయి మరింత మురికి పట్టే నేలగా మారుతుంది. మొజాయిక్‌ను యంత్రంతో మళ్లీ పాలిష్ పట్టించవచ్చు. పగలగొట్టి టైల్స్ వేయించేముందు ఒక మూల పాలిష్ పట్టించి చూడండి. చాలా ఇళ్లలో ఆ నేల చక్కగా ఉంటుంది, దాని మీద పేరుకున్న మురికే దాన్ని పాతగా చూపిస్తుంది.

మూడో మెట్టు: చెమ్మను పట్టుకోవడం

మన ప్రాంతంలో రంగు డబ్బా తెరిచేముందు తప్పనిసరిగా చేయాల్సిన పని ఇది. గోడ కింది రెండు మూడు అడుగుల్లో రంగు ఉబ్బి పెచ్చులుగా ఊడటం, తెల్లని పొడి రాలడం చాలా ఇళ్లలో చూస్తాం. ఇటుక నేలలోని నీటిని పైకి పీల్చుకుంటుంది. ఆ నీటితో పాటు లవణాలు కూడా పైకి వస్తాయి. గోడ ఉపరితలం దగ్గర నీరు ఆవిరైపోతుంది, ఉప్పు అక్కడే మిగిలి గట్టిపడి రంగును లోపలి నుంచి నెట్టేస్తుంది. దాని మీద ఎన్ని పూతలు వేసినా మళ్లీ ఊడేది అందుకే.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద విజయవాడలోని అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం పరిసరాలను ముంచెత్తింది. అలా నీటిలో నిలిచిన గోడలు పైకి ఆరినట్టు కనిపించినా లోపల ఉప్పు ఉండిపోతుంది, ప్రతి వానాకాలంలోనూ అది తేమను పీల్చి బయటికి వస్తుంది. అలాంటి ఇంట్లో ఉన్నవారు అలంకరణకు పెట్టే డబ్బులో మొదటి వాటా ఆ గోడల బాగుకే పెట్టాలి.

పరీక్ష సులభం. ఒక అడుగు చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని అనుమానం ఉన్న చోట గోడకు పెట్టి నాలుగు అంచులనూ టేపుతో గాలి చొరకుండా అతికించండి. రెండు రోజుల తర్వాత తీయండి. గోడ వైపు నీటి బిందువులు ఉంటే తేమ గోడ లోపలి నుంచి వస్తోంది. గది వైపు ఉంటే గాలిలోని తేమ, అంటే కిటికీలు తెరిచి గాలి ఆడనిస్తే తగ్గేది.

లోపలి నుంచి వస్తుంటే ఎక్కడి నుంచో వెతకాలి. గోడకు అవతల స్నానాల గది ఉందా, కొళాయి గొట్టం కారుతోందా, బయటి గోడకు బీట ఉందా, సజ్జ మీద నీరు నిలుస్తోందా, మేడ మీద నీళ్లు పోయే తూము మూసుకుపోయిందా చూడండి. మూలం సరిచేశాక గోడను ఆరనివ్వాలి. తొందరపడి మీద నీరు చొరని పూత పూస్తే తేమ లోపలే చిక్కుకుని మరింత పైకి పాకుతుంది. ఉప్పును తీగ బ్రష్‌తో పొడిగానే గీకి, రాలిన పొడిని ఊడ్చి బయట పారేయాలి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే వెళుతుంది. పూత గుల్లబారి ఉంటే ఆ మేర చెక్కించి కొత్తగా సిమెంటు పని చేయించడం తప్పదు. దీన్ని మేస్త్రీకి వదిలేయండి. ఆ గోడకు బీరువా, సోఫా ఆనించకుండా నాలుగు అంగుళాలు వదిలితే వెనక గాలి ఆడుతుంది.

నాలుగో మెట్టు: రంగు

ముందు అరచేతితో గోడను గట్టిగా రుద్ది చూడండి. చేతికి తెల్లని పొడి అంటితే అది పాత సున్నమో, అరిగిపోయిన డిస్టెంపరో. దాని మీద నేరుగా ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ రంగు) వేస్తే రంగు ఆ పొడిని పట్టుకుంటుంది తప్ప గోడను పట్టుకోదు, పొరలు పొరలుగా లేస్తుంది. గీకించి, దులిపి, ప్రైమర్, అంటే రంగు గోడను పట్టుకునేలా కింద వేసే తొలి పూత, వేయించాకే రంగు. చేతికి ఏమీ అంటకపోతే కడిగి, ఆరబెట్టి, ఉప్పుకాగితంతో తేలికగా రుద్ది రంగు వేసుకోవచ్చు.

మేకుల రంధ్రాలకు, సన్నని బీటలకు లప్పం పట్టండి. పల్చని రెండు పొరలుగా పెట్టాలి. మందంగా ఒకేసారి పెడితే ఆరాక కుంగుతుంది. పూర్తిగా ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, ట్యూబులైటు ఆపి టార్చిని గోడకు పక్కగా పట్టి చూడండి. ఎత్తుపల్లాలన్నీ నీడలుగా కనిపిస్తాయి. పెయింటర్‌తో చేయిస్తున్నా ఈ పరీక్ష మీరే దగ్గరుండి చేసుకోండి, ఎందుకంటే రంగు పడ్డాక ఆ గుంటలు రోజూ కనిపిస్తూ ఉంటాయి.

ఎంత రంగు కావాలో కొనేముందే లెక్కవేయండి. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గదికి నాలుగు గోడలూ కలిపి 440 చదరపు అడుగులు. 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు తలుపుకు 21, నాలుగు అడుగుల చదరపు కిటికీకి 16 తీసేస్తే దాదాపు 400. లీటరు ఎంత మేర వస్తుందో డబ్బా మీదే ఉంటుంది. అది ఒక పూతకో రెండు పూతలకో చూసుకుని భాగించండి. ఈ లెక్క చేతిలో ఉంటే దుకాణంలో అదనపు డబ్బాలు అంటగట్టరు.

రంగు ఎంపికలో చాలామంది చిన్న నమూనా ముక్కను చూసి నిర్ణయిస్తారు. అగ్గిపెట్టె అంత ముక్కలో నచ్చిన రంగు గోడంతా పరిచాక మరోలా ఉంటుంది. నమూనాకు సరిపడా చిన్న డబ్బా కొని రెండు అడుగుల అట్ట మీద రెండు పూతలు వేసి, ఆ అట్టను గదిలో గోడ గోడకూ ఆనించి ఉదయం, మధ్యాహ్నం, రాత్రి దీపం కింద చూడండి. పక్క ఇంటి గోడ ఆకుపచ్చదైతే దాని మీద పడ్డ ఎండ మీ గదిలోకి ఆకుపచ్చ ఛాయ తెస్తుంది. అది అట్ట మీద కూడా కనిపిస్తుంది.

వెలుగు తక్కువగా వచ్చే అపార్ట్‌మెంటు గదులకు పసుపు ఛాయ కాస్త కలిసిన తెలుపు, లేత గంధం రంగు, మజ్జిగ తెలుపు బాగుంటాయి. పడమటి ఎండ నేరుగా పడే గదికి లేత బూడిద నీలం, లేత ఆకుపచ్చ కంటికి చల్లగా ఉంటాయి. పైకప్పు తెల్లగానే ఉంచండి. ఒక గోడకు మాత్రం ముదురు రంగు వేయించడం ఈమధ్య బాగా ఎక్కువైంది. చిన్న గదిలో నేను దాన్ని సమర్థించను. ఆ గోడ ముందుకు వచ్చినట్టు కనిపించి గది మరింత ఇరుకవుతుంది. ముదురు రంగు ఇష్టమైతే గోడగూటి లోపలి వైపు వేయండి. అందులో పెట్టిన తెల్లని వస్తువు, ఇత్తడి వస్తువు ఎంత బాగా కనిపిస్తాయో చూడండి.

పూతకు పూతకు మధ్య డబ్బా మీద చెప్పినంత సమయం ఆగాలి. అంచులకు అతికించిన టేపును రంగు పూర్తిగా గట్టిపడకముందే, కాస్త పచ్చిగా ఉండగానే లాగేయాలి. ఆరాక లాగితే రంగు కూడా పెచ్చుగా లేస్తుంది. కిటికీ చువ్వలకు తుప్పు గీకి, ఎర్ర ఆక్సైడ్ ప్రైమర్ వేసి, పైన ఎనామిల్ వేయండి. టేకు తలుపులకు మాత్రం రంగు వేయించకండి. ఉప్పుకాగితం పట్టించి పాలిష్ వేయిస్తే చాలు. ఆ చెక్క గీతల అందం ఏ రంగుకూ రాదు.

ఐదో మెట్టు: వెలుగు

మన ఇళ్లలో సాయంత్రం కాగానే ఒక ట్యూబులైటు వెలుగుతుంది. గదంతా ఒకే తీరున తెల్లబారిపోతుంది, మనుషుల ముఖాలు పాలిపోయినట్టు కనిపిస్తాయి. దీన్ని మార్చడానికి పెద్దగా ఖర్చు కాదు.

ఎల్ఈడీ బల్బు పెట్టె మీద కెల్విన్ అని ఒక అంకె ఉంటుంది. 2700 నుంచి 3000 వరకు ఉంటే వెచ్చని పసుపు ఛాయ, 4000 దగ్గర మధ్యస్థం, 6500 నీలిఛాయ తెలుపు. ముందు గదికి, పడక గదికి 3000 తీసుకోండి. కూరగాయలు తరిగే వంటింటి గట్టుకు, పిల్లలు చదువుకునే బల్లకు 4000 బాగుంటుంది. ఒకే గదిలో రెండు ఛాయలు కలపకండి. గోడ సగం పసుపుగా, సగం నీలంగా కనిపించి కంటికి చికాకు కలుగుతుంది. వెలుగు ఎంత అన్నది వాట్లను బట్టి కాక ల్యూమెన్లను బట్టి చూడాలి. 9 వాట్ల ఎల్ఈడీ దాదాపు 800 నుంచి 900 ల్యూమెన్లు ఇస్తుంది.

ట్యూబులైటు తీసేయాల్సిన పని లేదు. ఇల్లు ఊడ్చేటప్పుడు, ఏదైనా వెతికేటప్పుడు అది కావాలి. దానికి తోడు సోఫా పక్కన ఒక దీపం, ఎదురు మూలన నేల మీద నిలబడేది ఒకటి పెట్టండి. కింది నుంచి, పక్క నుంచి వెలుగు వస్తే గదికి లోతు వస్తుంది. రెండూ మామూలు ప్లగ్గులో పెట్టుకునేవే కాబట్టి గోడ తవ్వక్కరలేదు. కొత్త పాయింటు కావాలంటే ఎలక్ట్రీషియన్‌నే పిలవండి.

అద్దం పెట్టే చోటు కూడా ఆలోచించాలి. తూర్పు, ఉత్తరం కిటికీకి ఎదురుగా లేదా పక్క గోడకు పెద్ద అద్దం పెడితే వెలుగు రెట్టింపైనట్టు ఉంటుంది. పడమటి కిటికీకి ఎదురుగా పెడితే మధ్యాహ్నం మూడింటి ఎండ కళ్లలోకి కొడుతుంది.

ఆరో మెట్టు: తెరలు, ఒక చీర లెక్క

గది రూపాన్ని ఒక్క పూటలో మార్చగలిగేది కిటికీ తెర. చాలా ఇళ్లలో తెర కడ్డీని సరిగ్గా కిటికీ చట్రం మీదే బిగిస్తారు, తెర కిటికీ కింది అంచుతో ఆగిపోతుంది. దాంతో కిటికీ చిన్నదిగా, గది పొట్టిగా కనిపిస్తుంది. కడ్డీని చట్రానికి అర అడుగు పైన, రెండు వైపులా అర అడుగు చొప్పున బయటికి బిగించండి. తెర నేలకు ఒక అంగుళం పైన ఆగాలి. పగలు తెరను పక్కకు జరిపితే అది గోడ మీద నిలుస్తుంది, కిటికీ అద్దమంతా వెలుగుకు ఖాళీ అవుతుంది.

ఇప్పుడు చీర సంగతి. కట్టడం మానేసిన మంచి నేతచీర ఒకటి ప్రతి ఇంట్లో బీరువాలో ఉంటుంది. అయిదున్నర మీటర్ల చీర అంటే 18 అడుగులు. అడ్డంగా సగానికి కత్తిరిస్తే తొమ్మిదేసి అడుగుల రెండు ముక్కలు. కిటికీ వెడల్పు నాలుగు అడుగులైతే కడ్డీ అయిదు అడుగులు ఉంటుంది. కుచ్చులు బాగా పడాలంటే కడ్డీకి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల గుడ్డ కావాలి. చీర పన్నా దాదాపు నాలుగు అడుగులు కాబట్టి రెండు ముక్కలకు ఎనిమిది అడుగులు వస్తుంది, సరిగ్గా సరిపోతుంది. కడ్డీ ఏడున్నర అడుగుల ఎత్తున ఉంటే పై మడతకు నాలుగు అంగుళాలు, కింది మడతకు అయిదు అంగుళాలు పోయినా గుడ్డ మిగులుతుంది. మిగిలింది తెరలు కట్టే పట్టీలకు వస్తుంది.

ఇందులో ఇంకో అందం ఉంది. చీర అంచు పొడవునా నడుస్తుంది కాబట్టి తెరగా వేలాడదీస్తే ప్రతి ముక్కకూ రెండు పక్కలా అంచు నిలువుగా దిగుతుంది. ఆ అంచులకు మళ్లీ కుట్టు అక్కరలేదు, మగ్గం మీదే గట్టిగా నేసి ఉంటాయి. పైట కొంగు ఒక ముక్కకే వస్తుంది. దాన్ని కిందికి వదలాలా, లేక మిగతా గుడ్డ తెరల పొడవుకు చాలేటట్టయితే, రెండు ముక్కలూ ఒకేలా ఉండేందుకు చీరను సగం చేసేముందే కొంగు కత్తిరించి దిండు గలీబు కుట్టించాలా అన్నది మీ ఇష్టం. నేనైతే గలీబే కుట్టిస్తాను. నూలు చీరైతే కత్తిరించేముందు ఒకసారి తడిపి ఆరేయాలి, కుంగేదేమైనా ఉంటే అప్పుడే కుంగుతుంది.

కొత్త గుడ్డ కొనాలంటే విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత అనే బట్టల మార్కెట్ ఉంది. గుంటూరులో పట్నంబజారు, లాలాపేట ఉన్నాయి. రెండు నగరాల మధ్యే మంగళగిరి ఉంది. మంగళగిరి గుడ్డలో మధ్య భాగం సాదాగా, అంచు సన్నని జరీతో ఉంటుంది. సాదా గుడ్డ కావడం వల్లే గదిలో దేనితోనైనా కలిసిపోతుంది. నేత చిక్కగా ఉంటుంది కాబట్టి ఉతుకులకు ఆగుతుంది. లేత రంగు మంగళగిరి తెర వెనక నుంచి ఉదయపు ఎండ వస్తున్నప్పుడు గదిలో పడే వెలుగు ఏ దీపానికీ రాదు.

పడమటి కిటికీకి మాత్రం పల్చని తెర చాలదు. వెనక తెల్లని మందపాటి లైనింగు వేయించండి. వేసవిలో బయటి వైపు వట్టివేళ్ల తడక కట్టి తడిపితే ఎండ అద్దానికి తగలకముందే ఆగుతుంది. ఎండను గదిలోకి వచ్చాక ఆపడం కంటే కిటికీ బయటే ఆపడం మేలు.

ఏడో మెట్టు: సామాన్ల అమరిక

సోఫాలన్నీ గోడలకు అతికించి మధ్య ఖాళీ వదిలేయడం మన అలవాటు. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు గట్టిగా మాట్లాడాల్సి వస్తుంది. ఒక కుర్చీనైనా ముందుకు జరిపి కాస్త ఏటవాలుగా తిప్పి పెట్టండి. నడిచే దారి రెండున్నర అడుగులకు తగ్గకూడదు. టీవీని మధ్య బిందువుగా పెట్టుకోవడం కంటే కిటికీని పెట్టుకుంటే గది తీరే మారుతుంది.

నేల మీద మందపాటి తివాచీ బదులు జంపఖానా గానీ తుంగచాప గానీ పరవండి. దులపవచ్చు, ఎండలో వేయవచ్చు, వేసవిలో ఒంటికి వేడి చేయదు. పరిచేది సోఫా ముందు కాళ్ల కిందికి వెళ్లేంత పెద్దదై ఉండాలి. గది మధ్యలో చిన్న ముక్క వేస్తే ఎవరో మర్చిపోయి వదిలేసినట్టు ఉంటుంది. పాత టేకు కుర్చీలకు కేన్ అల్లిక తెగితే వడ్రంగితో కాళ్లు బిగింపించి అల్లిక మార్పించండి. ఈనాటి కొత్త కుర్చీల్లో చాలా వాటికి ఆ బలం ఉండదు.

ఎనిమిదో మెట్టు: గోడ మీద, అరల మీద

ఇప్పుడే వస్తువుల వంతు. పటాలను మరీ ఎత్తున కొట్టడం మామూలు పొరపాటు. పటం మధ్య భాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉంటే నిలబడినవారి చూపుకు సరిపోతుంది. సోఫా పైన అయితే సోఫా వీపుకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల పైన మొదలవ్వాలి. నాలుగైదు పటాలు ఒకేచోట కావాలంటే వాటి కొలతకు వార్తాపత్రిక కత్తిరించి టేపుతో గోడకు అంటించి, రెండు రోజులు చూసుకుని అప్పుడు మేకు కొట్టండి.

కృష్ణా జిల్లా పెడనలో అద్దే కలంకారీని మచిలీపట్నం కలంకారీ అంటారు. సంప్రదాయ పద్ధతిలో చెక్క అచ్చులతో, సహజ రంగులతో అద్దుతారు. గుడ్డను ముందు కరక్కాయ రసంలో నానబెడతారు. నలుపుకు ఇనుము, బెల్లం ఊరబెట్టిన ద్రావకం వాడతారు. ఇంత శ్రమ ఉన్న గుడ్డను ఒక మీటరు కొని చట్రం కట్టించి గోడకు పెడితే అచ్చేసిన పోస్టరు ఏదీ దాని పక్కన నిలబడలేదు. దివాను మీద పరుపు గుడ్డగా, గలీబులుగా కూడా బాగుంటుంది. నేరుగా ఎండ పడే చోట మాత్రం వద్దు, సహజ రంగులు వెలిసిపోతాయి. విడిగా, తేలిక సబ్బుతో ఉతికి నీడలో ఆరేయండి.

విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చేస్తారు. ఆ కర్ర చాలా తేలిక. కాళ్లు, చేతులు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికించి, ఆ పైన రంగులు వేస్తారు. అంబారీ ఏనుగు, ఎడ్లబండి, దశావతారాలు, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు అన్నీ దొరుకుతాయి. వీటిని ఇల్లంతా తలా ఒకటి చల్లకండి. బొమ్మల కొలువు పేర్చినట్టు ఒకే అరలో, ఒక ఊరి కథ చెప్పేలా పెట్టండి. వెనక గోడ సాదాగా, పైన చిన్న దీపం ఉంటే పిల్లలు కూడా ఆగి చూస్తారు. తడిగుడ్డతో తుడవకూడదు, మెత్తని పొడి బ్రష్‌తో దుమ్ము దులపాలి. వీలైతే కొండపల్లి వెళ్లి చేసేవారి దగ్గరే కొనండి. పని చూసి కొన్న బొమ్మను జాగ్రత్తగా దాచుకుంటాం.

మొదట్లో దాచమన్న ఇత్తడి సామాన్లు ఇప్పుడు దించండి. చింతపండు, ఉప్పుతో తోమి, కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. తడి ఆరిపోయేదాకా వదిలితే మరకలు పడతాయి. పాత గంగాళంలో నీళ్లు పోసి నాలుగు బంతిపూలు వదిలి గుమ్మం దగ్గర పెడితే వచ్చినవారికి ఇంకేమీ చూపించక్కరలేదు. ఆ నీళ్లు రోజూ మార్చాలి. చెప్పులు మాత్రం గడప ముందు కుప్పగా లేకుండా మూత ఉన్న అరలోకి వెళ్లాలి. అపార్ట్‌మెంటు నడవాలో పెట్టకండి, ప్రమాదం జరిగితే అందరూ బయటపడాల్సిన దారి అది.

తొమ్మిదో మెట్టు: మొక్కలు

ఇంటి లోపలికి మనీ ప్లాంటు, స్నేక్ ప్లాంటు, వెలుగు బాగా వచ్చే మూలకు అరెకా పామ్ చాలు. ఇవి తక్కువ శ్రద్ధతో బతుకుతాయి. వీటిలో చచ్చిపోయేవి ఎక్కువగా నీళ్లు చాలకపోవడం వల్ల కాక, ఎక్కువైపోవడం వల్లే. వేలు మట్టిలో ఒక కణుపు లోతుకు దించి, పొడిగా ఉంటేనే పోయండి. పడమటి బాల్కనీలో ఏప్రిల్, మే నెలల్లో పచ్చని నీడవల కట్టక తప్పదు. కుండీ కింది పళ్లెంలో నిలిచిన నీటిని వారానికి రెండుసార్లయినా ఒంపేయండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది అలాంటి మంచినీటిలోనే.

అద్దె ఇంట్లో ఉంటే

రంగు, మేకులు రెండింటికీ ఇంటివారిని ముందే అడగండి. లేత రంగు వేయిస్తామంటే చాలామంది కాదనరు, కొందరు ఖర్చులో కొంత భరిస్తారు కూడా. మాట ప్రకారం ఏమి చేయించారో ఫోటోలు తీసి ఉంచుకోండి. మేకులు వద్దంటే పెద్ద పటాన్ని బల్ల మీద గోడకు ఆనించి పెట్టవచ్చు, తేలికైనవాటికి గోడ పాడవకుండా ఊడివచ్చే అతుకు పట్టీలు వాడవచ్చు. చట్రం లోపల స్ప్రింగుతో నిలిచే కడ్డీకి రంధ్రం అక్కరలేదు. నేల పగిలి ఉంటే చాప, గోడ మరకబడి ఉంటే దాని మీద వేలాడే కలంకారీ గుడ్డ.

దీపాలు, తెరలు, జంపఖానా, బొమ్మలు అన్నీ మీతోపాటు వచ్చేవే కాబట్టి అద్దె ఇంట్లో డబ్బు వాటి మీదే పెట్టండి. తెరలు కుట్టించేటప్పుడు దర్జీకి చెప్పి కింది మడతను మూడు అంగుళాలు అదనంగా ఉంచుకోండి. తర్వాతి ఇంట్లో కిటికీ ఎత్తు వేరైతే ఆ కుట్టు విప్పి దించుకుంటే సరిపోతుంది.